గోపురం ఫోటో వేశారు, గంట కొట్టిన మనిషిని మరిచారు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో గుంటూరు వైపు కతోలిక దేవాలయాల మీద వేసిన రెండు పేజీల వ్యాసం చదివాను. ఫోటోలు చాలా బాగున్నాయి. ఫిరంగిపురం బాలయేసు దేవాలయం ఫోటోనైతే కత్తిరించి బైబిల్లో పెట్టుకున్నాను కూడా. కాని వ్యాసం పూర్తయ్యాక ఒక సంగతి మింగుడు పడలేదు. సముద్రాలు దాటి వచ్చిన గురువుల పేర్లున్నాయి. గోపురం ఎత్తు ఉంది, రంగుటద్దాలున్నాయి, గంట గురించి నాలుగు వాక్యాలున్నాయి. ఆ గంటని రోజుకి మూడుసార్లు కొట్టిన మనిషి గురించి మాత్రం ఒక్క ముక్క లేదు.

ఆ మనిషిని మా వైపు ఉపదేశి అంటారు. మా నాన్న ఉపదేశి. 1951లో చేరాడు, మోకాళ్ళు పనిచేయక 1988లో మానేశాడు. నాకిప్పుడు అరవై ఆరేళ్ళు. తెలుగు టీచరుగా రిటైరై గుంటూరులో ఉంటున్నాను. మా ఊరి పేరు రాయడం లేదు. ఎందుకో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

మా మతం కాని పాఠకుల కోసం ముందుగా ఒక మాట. విచారణ అంటే మాకు పోలీసు విచారణ కాదు. ఒక ఫాదర్‌గారి కింద ఉండే ఊళ్ళ గుంపుని విచారణ అంటాం, ఆయన విచారణ గురువు. విచారణలన్నీ కలిస్తే మేత్రాసనం. గుంటూరు మేత్రాసనం 1940లో నెల్లూరు నుంచి విడిపోయి ఏర్పడింది. 2022లో జిల్లా గుంటూరు, పల్నాడు, బాపట్ల అని మూడు ముక్కలైనా మా మేత్రాసనం ముక్కలు కాలేదు. రెంటచింతల వాళ్ళు ఇప్పుడు కలెక్టర్ ఆఫీసు పనికి నరసరావుపేట వెళ్తారు, బిషప్‌గారి పనికి గుంటూరే వస్తారు.

నా చిన్నప్పుడు మా విచారణలో పదకొండు పల్లెలుండేవి. ఫాదర్‌గారు ఒక్కరే. ఆయనకో గుర్రం, తర్వాత్తర్వాత మోటారు సైకిల్. మా పల్లెకి ఆయన నెలకి ఒకసారి వస్తే గొప్ప, వానాకాలం నల్లరేగడిలో బండి దిగబడితే అదీ లేదు. మిగిలిన ఇరవై తొమ్మిది రోజులూ పల్లెలో చర్చి అంటే నాన్నే. తెల్లవారుజామున, మధ్యాహ్నం, సాయంత్రం త్రికాల జపం గంట. మధ్యాహ్నం గంటకి మిరప చేలో కూలీలు నడుములు ఎత్తి కొంగులు తలమీదకి లాక్కునేవాళ్ళు. జపం చేసేవాళ్ళు చేసేవాళ్ళు, చేయని వాళ్ళకి అది నడుము ఆన్చుకునే వేళ. అందుకే ఆ గంటంటే హిందువుల ఇళ్ళలో కూలీలకి కూడా ఇష్టమే. ఒకరోజు నాన్న జ్వరంతో ఆలస్యంగా కొడితే, మా మతం కాని ముసలాయన ఒకాయన ఇంటికొచ్చి తగువు పెట్టుకున్నాడు.

రాత్రిళ్ళు అన్నాలయ్యాక పిల్లల్ని కూచోబెట్టి చిన్న జపాలు చెప్పేవాడు. ఎవరైనా పోతే చావు గంట కొట్టి, శవం దగ్గర జపమాల చెప్పించి, గుంట తవ్వించి, ఫాదర్‌గారు రాలేకపోతే సమాధి జపాలు కూడా తనే చదివేవాడు. పుట్టిన బిడ్డ బతకదు అనుకుంటే మంత్రసాని ముందు నాన్నకే కబురు పెట్టేది. ప్రాణం మీదికొచ్చినప్పుడు జ్ఞానస్నానం, అంటే బాప్తిస్మం, ఎవరైనా ఇవ్వచ్చు, నీళ్ళూ ఆ నాలుగు మాటలూ సరిగ్గా ఉంటే చాలు. నాన్న అలా ఇచ్చిన వాళ్ళలో ఒకాయన ఇప్పుడు మనవలని ఎత్తుకు తిరుగుతున్నాడు. 'మీ నాన్న నన్ను చెంబు నీళ్ళతో కిరస్తానీని చేశాడమ్మా, ఆ చెంబు పొరుగు రెడ్డిగారిదట' అంటాడు ఎప్పుడు కనిపించినా.

అవస్థాభ్యంగనం, అంటే జబ్బుతో ప్రాణం మీదికొచ్చిన వాళ్ళకి నూనె రాసి చేసే జపం, దాని కోసం ఫాదర్‌గారిని తీసుకురావాలంటే అర్ధరాత్రి లాంతరు పట్టుకుని తొమ్మిది మైళ్ళు నడక. జీతం నెలకి పదిహేను రూపాయలు, పంటల కాలంలో ఇంటికి ఇన్ని అని జొన్నలు. ఆ జొన్నలు అడిగి తెచ్చుకోవడం అమ్మ పని. నాన్న అడగలేడు. అమ్మ అనేది, 'దేవుడి మాటలు చెప్పడానికి మీకు నోరొస్తుంది, గింజలు అడగడానికి నాకు రావాలి' అని.

ఇక నాన్న నోటు పుస్తకం సంగతి. ఇది మీ విలేకరికి ప్రత్యేకంగా చెప్పాలి. నాన్న చదువు ఐదో తరగతి. లాటిన్ ఒక్క ముక్క రాదు. అప్పట్లో చర్చిలో గురువు చేసే పూజ మొత్తం లాటిన్‌లోనే. గురువు ఒక మాట అంటే బలిపీఠం మెట్టు మీద మోకరించిన మనిషి జవాబు చెప్పాలి. ఆ జవాబులన్నీ నాన్న తెలుగు లిపిలో ఒక లెక్కల పుస్తకంలో రాసుకున్నాడు. గురువు 'దోమినుస్ వోబిస్కుం' అంటే 'ఎత్ కుం స్పిరితూ తూవో'. మొదటి పేజీలో మొదటి జవాబు ఇది: 'అద్ దేవుం క్వీ లేతీఫికాత్ యువెంతూతెం మేయాం'. 'లేతీఫికాత్' తర్వాత ఎర్ర సిరాతో చిన్న గీత, పక్కన 'ఇక్కడ ఊపిరి' అని. పొడుగు జవాబుల దగ్గర రెండు మూడు గీతలు. ఒకచోట వానచినుకు పడి సిరా చెదిరితే ఆ మాటని మళ్ళీ పైన రాసి, కింద ఉన్న దాన్ని కొట్టేయకుండా వదిలేశాడు. దేవుడి మాటని కొట్టేయకూడదట.

ఆ మొదటి జవాబుకి అర్థం 'నా యవ్వనాన్ని ఆనందింపజేసే దేవుని చెంతకు' అని. నాన్నకి ముప్పై దాటాక ఒక ఫాదర్‌గారు చెప్పారు. 'నా యవ్వనం గురించి నేనే పదేళ్ళు చెప్పుకున్నా, అదెప్పుడు పోయిందో కూడా తెలియలేదు' అని నవ్వేవాడు.

రోములో బిషప్పులందరి రెండో వాటికన్ మహాసభ 1962 నుంచి 1965 దాకా జరిగింది. దాని పుణ్యమా అని పూజ తెలుగులోకి వచ్చింది. నాకప్పుడు ఆరేడేళ్ళు. మొదటిసారి తెలుగులో పూజ విన్నాక మా పల్లె ముసలమ్మ ఒకావిడ బయటికొచ్చి, 'ఇంత తేలిక మాటలా ఇన్నాళ్ళూ మనకి దాచింది?' అంది. నాన్నకి మాత్రం వారం రోజులు అన్నం సయించలేదు. అన్నేళ్ళు కష్టపడి బట్టీ పట్టింది ఒక్క ఆదివారంతో ఎందుకూ పనికిరాకుండా పోయింది కదా. తర్వాత సర్దుకున్నాడు. హారతి, అగరొత్తులు, నేల మీద కూచోవడం లాంటివి పూజలోకి రావచ్చని 1969లో అనుమతి వచ్చాక, పల్లెలో భజన కట్టించింది కూడా ఆయనే. తాళాలు, డప్పు, పాత హార్మోనియం. ఆ హార్మోనియం సంగతి తర్వాత చెప్తాను.

మీ వ్యాసం మా కథని 1875లో, మిల్‌హిల్ అనే మిషనరీ సభ గురువులు లండన్ నుంచి రావడంతో మొదలుపెట్టింది. వాళ్ళ సేవని నేను తక్కువ చేయను. ధాత కరువు 1876 నుంచి 78 దాకా ఈ నేలని ఎండబెట్టింది. ఆ రోజుల తర్వాత ఫిరంగిపురంలో థియోడర్ డీక్‌మన్ గురువు చేసిన పని గురించి మా ఇళ్ళలో ఇప్పటికీ చెప్పుకుంటారు. కాని కథ 1875కి నూట డెబ్బై ఏళ్ళ ముందే మొదలైంది. 18వ శతాబ్దం తొలి ఏళ్ళలో ఫ్రెంచి జెస్విట్లు (యేసు సభ గురువులు) పుదుచ్చేరి నుంచి పుంగనూరు వచ్చారు. అక్కణ్ణుంచి అనంతపురం వైపు కృష్ణాపురం, మద్దిగుబ్బ. అక్కడ వేదంలో, అంటే మా మతంలో, కలిసిన రెడ్డి కుటుంబాలు తర్వాత కరువులకీ దండయాత్రలకీ బండ్లు కట్టుకుని తూర్పుకి కదిలి మన గుంటూరు వైపు ఊళ్ళు కట్టుకున్నాయి. ఇంతలో 1773లో రోములో పోపుగారు జెస్విట్ల సభనే రద్దు చేశారు. వాళ్ళు పోయాక గురువు మొహం ఏళ్ళ తరబడి చూడని ఊళ్ళున్నాయి. పూజ లేదు, గురువు దగ్గర పాపాలు చెప్పుకునే పాపసంకీర్తనం లేదు. మరి జపాలు ఎలా మిగిలాయి? ఇంటి పెద్దలు చెప్పుకున్నారు, ఉపదేశులు చెప్పించారు. గోపురం ఆ తర్వాత వచ్చింది.

ఆ పాత ప్రయాణం ఇప్పటికీ మా పేర్లలో కనిపిస్తుంది. ఇన్నయ్య, ఇన్నారెడ్డి అంటే ఇగ్నేషియస్. శౌరి, శౌరయ్య, బాలశౌరి అంటే జేవియర్. చిన్నప్ప అంటే పౌలు, రాయప్ప అంటే పేతురు, జోజి అంటే జోసెఫ్, మర్రెడ్డి అంటే మరియ రెడ్డి. వీటిలో చాలా మాటలు అరవ దేశం నుంచి ఆ గురువుల వెంట నడిచొచ్చినవే. రాయప్పలో ఉన్నది మన రాయే అని నాన్న వాదన. పేతురంటే బండరాయి కదా అని. నేను తెలుగు టీచర్ని కాబట్టి దాని మీద గట్టిగా చెప్పలేను, వినడానికి మాత్రం ముచ్చటగా ఉంటుంది. ఇప్పుడు పిల్లలకి ఆ పేర్లు పెట్టేవాళ్ళు లేరు. మా వీధిలో ముగ్గురు రయాన్‌లున్నారు.

ఈ పేర్లన్నీ ఉండేది జ్ఞానస్నానాల పుస్తకంలో. చూడని వాళ్ళ కోసం చెప్తాను. మూరెడు పొడుగు, నల్ల అట్ట, వెనక గుడ్డ పట్టీ. అడ్డంగా గళ్ళు: ఏ రోజు పుట్టారు, ఏ రోజు నీళ్ళు పోశారు, పేరు, తండ్రి, తల్లి, జ్ఞాన తల్లిదండ్రులు (జ్ఞానస్నానంలో బిడ్డకి పూచీగా నిలబడేవాళ్ళు), ఊరు, గురువు సంతకం. పాత పుటల్లో మాటలన్నీ లాటిన్‌లోనే. పల్లెలో ఇన్నయ్య అని పిలిచే పిల్లాడు అక్కడ 'ఇగ్నాతియుస్'. చివర్న ఖాళీగా ఒక గడి వదిలిపెడతారు. ఆ మనిషి పెద్దయ్యాక పెళ్ళి ఏ విచారణలో జరిగినా అక్కడి ఫాదర్ ఇక్కడికి కబురు పంపాలి, ఆ ఖాళీ గడిలో పెళ్ళి వివరం ఎక్కించాలి. సన్యాసంలో చేరినా అక్కడే రాయాలి. మనిషి ఎంత దూరం పోయినా మొదట నీళ్ళు పోసిన ఊళ్ళో ఆ గీత దగ్గరకి తిరిగి వస్తాడన్నమాట. మా అత్తయ్య పేరు ఎదురుగా 1943లో ఒక చేతిరాత, పెళ్ళి గడిలో 1961లో వేరే చేతిరాత. ఆ రెండు సిరాల మధ్యలో ఆమె బాల్యం మొత్తం ఉంది.

ఉపదేశి చీటీ రాసిస్తేనే ఫాదర్‌గారు పుస్తకంలో ఎక్కించేది. చీటీలో తప్పు రాస్తే మనిషి పుట్టుక తేదీ తప్పే. నాన్న చీటీలు రాసేటప్పుడు మమ్మల్ని మాట్లాడనిచ్చేవాడు కాదు.

ఇక్కడ చెప్పక తప్పని మాట ఒకటుంది. మీ వ్యాసంలో 'కులమతాలకతీతంగా అందరూ ఒక్కటై' అని రాశారు. రాసినాయన తిరునాళ్ళ రోజు ఫోటోలు తీసుకుని వెళ్ళిపోయి ఉంటాడు. మా చర్చిలో పూజ ఒక్కటే, బారులు రెండు. రెడ్లు కుడివైపు, పల్లె వాళ్ళం ఎడమవైపు. సమాధుల దొడ్డి ఒక్కటే, మధ్యలో అడ్డుగోడ. మేం మాల పల్లె వాళ్ళం. నాన్న దగ్గర జపాలు నేర్చుకున్న రెడ్ల పిల్లలు ఆయన్ని 'ఉపదేశిగారూ' అనేవాళ్ళు, వాళ్ళ తాతలు మాత్రం 'ఒరే' తోనే పిలిచేవాళ్ళు. ఒకే ఇంటి అరుగు మీద, ఒకే సాయంత్రం, రెండూ విన్నాను నేను. ఆ అడ్డుగోడ ఇప్పుడు లేదు. 1994 వానలకి ఒక భాగం పడిపోతే, మళ్ళీ కట్టొద్దని ఊరి కుర్రాళ్ళే, రెండు వైపుల వాళ్ళూ, అడ్డం నిలబడ్డారు. మా అమ్మని ఆ గోడ ఉన్న చోటే పూడ్చాం.

2022 ఆగస్టులో హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల అంతోనిగారిని పోపుగారు కార్డినల్ చేశారు, అంటే కొత్త పోపుని ఎన్నుకునే పెద్దల్లో ఒకరిని. తెలుగు వాళ్ళలో ఆయనే మొదటి కార్డినల్, దళితుల్లోనూ ఆయనే మొదటివాడు. 2025 మే నెలలో కొత్త పోపుని ఎన్నుకునేటప్పుడు కూడా ఆ గదిలో ఉన్నారు. టీవీలో ఎర్ర టోపీ పెట్టుకున్న ఆయన్ని చూసి నేను ఏడ్చాను. నాన్న ఉంటే ఏమనేవాడో నాకు తెలుసు. 'ఆయన ఊళ్ళో ఉపదేశి ఎవరో కనుక్కో' అనేవాడు.

పుస్తకాలకీ కులానికీ ఇంకో ముడి ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలో ఉన్న దళితుడు ఎస్సీ కాడు. మన రాష్ట్రంలో బీసీ-సి. అందుకని పల్లెల్లో ఎంతమందికో చర్చి పుస్తకంలో ఒక పేరు, బడి పుస్తకంలో ఇంకో పేరు. ఇక్కడ రాయప్ప, అక్కడ వెంకటేశ్వర్లు. ఇది మోసమని తీర్పు చెప్పేవాళ్ళు చెప్పుకోవచ్చు, కొడుకు హాస్టల్ సీటు ముందు కూచున్న తండ్రికి అది టెన్షన్. నాన్న మా ముగ్గురికీ ఒకే పేరు రెండు చోట్లా రాయించాడు. దానివల్ల మా అన్నయ్యకి ఒక ఉద్యోగం తప్పిపోయింది. అన్నయ్య ఆ మాట నాన్న ఉన్నన్నాళ్ళూ ఎత్తలేదు, ఆయన పోయాక ఒక్కసారి ఎత్తాడు.

పండగల గురించి మీరు బాగానే రాశారు. జూలై 16న ఫిరంగిపురం కార్మెల్ మాత కొండెక్కే జనం, రెంటచింతల కానుకమాత తిరునాళ్ళు, ఫిబ్రవరిలో మూడు రోజులు గుణదలకి బస్సుల మీద బస్సులు, తలనీలాలు, కొబ్బరికాయలు, అన్నీ ఉన్నాయి. కాని మాకు పెద్ద పండగంటే జనం ఎక్కువగా వచ్చింది కాదు, గంట మోగకుండా ఉండేది. పెద్ద గురువారం, అంటే గుడ్ ఫ్రైడే ముందు రోజు, సాయంత్రం పూజలో గంటలన్నీ ఒక్కసారి మోగించి ఆపేస్తే పాస్కా (ఈస్టర్) రాత్రి దాకా ఇక మోగకూడదు. ఆ రెండు రోజులూ జనాన్ని పిలవడానికి చెక్క గిలక ఉండేది. జానెడు పలక, దానికి రెండు వైపులా మడతబందులకి బిగించిన చెక్క రెక్కలు, కింద పిడి. విదిలిస్తే టకటకమని ఎముకలు కొట్టుకున్నట్టు చప్పుడు. మంచి శుక్రవారం తెల్లవారుజామున చీకట్లో నాన్న చెప్పుల్లేకుండా పల్లె మొత్తం ఆ గిలక కొట్టుకుంటూ తిరిగేవాడు. వెనక మేం. కుక్కలు కూడా మొరిగేవి కావు. ఆ రోజు ఇంట్లో పొయ్యి వెలిగేది సాయంత్రమే, అదీ పచ్చిపులుసూ అన్నమూ. శనివారం రాత్రి గంట మళ్ళీ మోగిందంటే మా అమ్మ చీకట్లోనే కోడిని పట్టడానికి పోయేది.

నవంబరు 2న ఆత్మల పండగ. మా ఊళ్ళో సమాధుల పండగంటాం. సున్నం కొట్టి, బంతిపూలు కట్టి, కొవ్వొత్తులు పెట్టి, రాత్రి దాకా అక్కడే కూచుంటాం. నాన్న ఉన్న రోజుల్లో పోయినవాళ్ళ పేర్లన్నీ ఒక్కొక్కటే చదివేవాడు, కులం లేకుండా, పోయిన తేదీ వరసలో. రెడ్డి పక్కన మాదిగ, మాదిగ పక్కన కమ్మ. బతికున్నప్పుడు కలవని వరస ఆ కాగితం మీద కలిసేది.

ఇప్పుడు నా బాధ.

మా పాత చర్చిని 2011లో పడగొట్టి కొత్తది కట్టారు. కట్టాల్సిందే. పెంకుల కప్పు కారేది, వానొస్తే పిల్లలు బలిపీఠం వైపు జరిగి కూచునేవాళ్ళు. కొత్తది పెద్దది, చల్లగా ఉంటుంది, మైకు బాగుంటుంది. నేనూ నా జీతంలోంచి చందా ఇచ్చాను. కాని పడగొట్టేటప్పుడు లోపలి సామాను ఎవరూ పట్టించుకోలేదు. ప్రసంగపీఠం టేకు చెక్క మేస్త్రీ కొట్టంలో తలుపైంది. ఇత్తడి దీపస్తంభాలు తూకానికి పోయాయి. భజన హార్మోనియం రేకుల షెడ్డులో సిమెంటు బస్తాల కింద నలిగి కనిపించింది, మెట్లన్నీ ఊడిపోయి. గిలక ఏమైందో ఎవరికీ తెలీదు. ఇప్పుడు మంచి శుక్రవారం జనాన్ని వాట్సాప్ గ్రూపులో పిలుస్తున్నారు. జ్ఞానస్నానాల పుస్తకాలు కూడా అదే షెడ్డులో మూడు వానాకాలాలు ఉన్నాయి.

2019లో మా మేనల్లుడికి పెళ్ళి కుదిరింది. పిల్ల కేరళ అమ్మాయి, హైదరాబాదులో ఉద్యోగం. వాళ్ళ విచారణలో ఆరు నెలల లోపు తీసిన జ్ఞానస్నాన పత్రం అడిగారు. ఎవరైనా అడుగుతారు. మా ఊరెళ్ళాం. ఫాదర్‌గారు కొత్తాయన, మంచి మనిషి, బీరువా తీసి పుస్తకం బల్ల మీద పెట్టారు. అట్ట చెక్కుచెదరలేదు. తెరిస్తే లోపల చెదలు దారులు వేసుకుని ఉంది. పుటలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఇటుకలా తయారైంది. ఆయన కత్తి మొనతో మెల్లగా విడదీశారు. మా మేనల్లుడి గీత దొరికింది. పేరున్న గడి లేదు. తండ్రి పేరు సగం ఉంది, జ్ఞాన తల్లిగా నా పేరు పూర్తిగా ఉంది. చివరికి నీళ్ళు పోసినప్పుడు దగ్గరున్నదాన్ని నేనే కాబట్టి నా చేత సాక్షి ప్రమాణం రాయించుకుని పత్రం ఇచ్చారు. పెళ్ళి ఆగలేదు. కాని నేను పోయాక ఆ పుటలో ఉన్న మిగతా నలభై మందికి ఎవరు ప్రమాణం చేస్తారు?

ఆ ఊరి పేరు ఎందుకు రాయలేదో ఇప్పుడు అర్థమై ఉంటుంది. తప్పు ఒకరిది కాదు. పాత ఫాదర్‌గారు బదిలీ మీద వెళ్ళారు, కాంట్రాక్టరుకి తెలియదు, పెద్దలు శంకుస్థాపన రాయి మీద ఎవరి పేరుండాలో తేల్చుకునే గొడవలో ఉన్నారు. నేను గుంటూరులో ఉండి చందా పంపి ఊరుకున్నాను.

మా చర్చి ధర్మశాస్త్రంలో 535వ సూత్రం ఈ పుస్తకాలన్నీ ప్రతి విచారణలో ఉండాలని చెబుతుంది, పాతవాటిని కూడా జాగ్రత్తగా కాపాడాలని చెబుతుంది. సూత్రం ఉంది, చెదకి అది చదవడం రాదు. ఇప్పుడు ప్రతి ఇంట్లో మంచి కెమెరా ఉన్న ఫోను ఉంది. విచారణకి ఇద్దరు పిల్లల్ని కూచోబెడితే ఒక పుస్తకం ఫోటోలు తీయడానికి రెండు సాయంత్రాలు పడుతుంది. నేను లెక్క వేసే చెబుతున్నాను, మా విచారణలో మిగిలిన రెండు పెళ్ళిళ్ళ పుస్తకాలు మా మనవరాలితో అలాగే తీయించాను. ఆ ఫోటోలు అందరికీ పంచమని కాదు. అందులో జనం సొంత సంగతులుంటాయి, రెండు పేర్ల సంగతి పైనే చెప్పాను. ఒక కాపీ విచారణలో, ఒకటి బిషప్‌గారి ఆఫీసులో తాళం వేసి ఉంటే చాలు. పడగొట్టడానికి గునపం ఎత్తే ముందు ఈ పని అయిందా అని ఒక్క మనిషి అడగాలి.

మీ పేపర్ని అడిగేది ఇంకొకటి. గోపురాల ఫోటోలు వేసినంత చోటు ఉపదేశులకీ ఇవ్వండి. పాటిబండ్ల, ముట్లూరు, రావిపాడు, రెడ్డిపాలెం, తూబాడు, ఏ ఊరికైనా మీ విలేకరిని పంపించి, ఫాదర్‌గారి బంగళాకి కాదు, పల్లెలోకి వెళ్ళి 'ఇక్కడ ఉపదేశి ఎవరుండేవాళ్ళు' అని అడగమనండి. అరగంటలో మంచం వేసి కూచోబెడతారు. ట్రంకు పెట్టెల అడుగున నా దగ్గరున్నలాంటి నోటు పుస్తకాలు ఇంకా ఉంటాయని నా నమ్మకం. కొన్నింట్లో లాటిన్ ఉంటుంది, కొన్నింట్లో ఎవరూ అచ్చు వేయని జపాలూ భజన పాటలూ ఉంటాయి, కొన్నింట్లో ఎవరెవరు ఎన్ని శేర్ల జొన్నలు బాకీయో ఉంటుంది. మా నాన్న పుస్తకంలో మూడూ ఉన్నాయి. జొన్నల బాకీలు అమ్మ చేతిరాత.

మొదటి పేజీ జిరాక్స్ ఈ ఉత్తరంతో పంపుతున్నాను. 'ఇక్కడ ఊపిరి' అన్న చోటు ఎర్ర సిరా కాబట్టి జిరాక్స్‌లో మసగ్గా వచ్చింది. సరిగ్గా చూడాలంటే మీ వాళ్ళని ఇంటికి పంపండి, టీ ఇస్తాను, చూపిస్తాను. పుస్తకం మాత్రం ఇవ్వను.

ఇట్లు,
ఒక ఉపదేశి కూతురు,
గుంటూరు.